ఎక్స్‌వీ6లో సొంత సిస్టమ్ కాల్ పెట్టడం ఎట్టా? (ఏ ముక్క మరిస్తే ఏ ఎర్రర్ వస్తుందో సహా)

కావలిలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు ఒకరోజు రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. "మామా, రేపు ల్యాబ్. ఎక్స్‌వీ6లో కొత్త సిస్టమ్ కాల్ ఒకటి పెట్టి చూపించమన్నారు. ఏ ఫైలు ముట్టుకోవాలో కూడా తెలీట్లేదు, ఒకటే టెన్షన్‌గా ఉంది" అన్నాడు. వాడుండే రూములో నెట్ సరిగ్గా రాదు, ఇక వీడియో కాల్ ఎక్కడ, స్క్రీన్ షేర్ ఎక్కడ. నేను నెల్లూరులో మా మిద్దె మీద పచార్లు చేస్తూ నోటితో చెప్పుకుంటూ పోయాను, వాడు అక్కడ టైప్ చేసుకుంటూ పోయాడు, గంటన్నరలో పనైపోయింది. ఆ ఫోన్లో చెప్పిందే ఇక్కడ పెడుతున్నా. అందుకే కోడ్ కూడా పలికినట్టే తెలుగు అక్షరాల్లో ఉంటుంది, మీరు కీబోర్డు దగ్గర కూర్చున్నప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి. ఇట్టా చదివితే ఒక లాభం కూడా ఉంది, కాపీ పేస్టు కుదరదు.

ముందే ఒక మాట. మనం రాసే కోడ్ అంతా కలిపితే ఇరవై ముప్పై లైన్లు దాటదు, అందులో బుర్ర పెట్టాల్సింది పదే. కష్టం ఎక్కడంటే ఆ లైన్లు తొమ్మిది ఫైళ్ళలో చెల్లాచెదురుగా ఉంటాయి, ఒక్కటి మర్చిపోయినా గొలుసు తెగుతుంది. ఎక్కువమంది చేసేది ఏంటంటే, ఎవరో రాసిచ్చిన లిస్టు చూసి తొమ్మిది చోట్లా ఒకేసారి దించేసి, మేక్ (కోడ్ అంతా కలిపి కట్టే కమాండు) కొట్టి, ఎర్రర్ వస్తే బిక్కమొహం వేయడం. నేను చెప్పే పద్ధతి తిరగేసింది. ముందు పైన యూజర్ ప్రోగ్రామ్ రాసేసి మేక్ కొడతాం. ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ తర్వాత ఏ ఫైలు తెరవాలో చెబుతుంది. అది కట్టి మళ్ళీ మేక్. ఇంకో ఎర్రర్. ఇట్టా ఎర్రర్ల చేతే దారి అడుక్కుంటూ లోపలికి పోతాం. రేపు వైవాలో "ఈ లైన్ ఎందుకు పెట్టావ్?" అని అడిగితే, అది లేనప్పుడు ఏం జరిగిందో మీ కళ్ళతో చూసి ఉంటారు కాబట్టి తడుముకోవాల్సిన పని ఉండదు.

ఎక్స్‌వీ6 తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: 1975లో వచ్చిన యునిక్స్ ఆరో ఎడిషన్‌ని ఒరవడిగా పెట్టుకుని, ఎంఐటీ వాళ్ళు 2006లో పాఠం చెప్పడానికి మళ్ళీ రాసుకున్న చిన్న కెర్నల్ ఇది (కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు పని నడిపే లోపలి భాగం). మొదట ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్ల మీద ఉండేది, తర్వాత ఇంకో ప్రాసెసర్ రకమైన రిస్క్‌-ఫైవ్‌కి మార్చారు. నేను చెప్పేది రిస్క్‌-ఫైవ్ కాపీ గురించి. మీ కాలేజీ మాన్యువల్ పాతదైతే అందులో కెర్నల్, యూజర్ అని వేరే ఫోల్డర్లు ఉండవు, అన్నీ ఒకే చోట కుప్పగా ఉంటాయి, కొన్ని పేర్లు తేడాగా ఉంటాయి. దారి మాత్రం అదే.

ఉబుంటు మీద అయితే గిట్, బిల్డ్-ఎసెన్షియల్, క్యూఈఎంయూ-సిస్టమ్-మిస్క్, రిస్క్‌-ఫైవ్ 64 జీసీసీ, దాని బిన్‌యుటిల్స్ వేసుకోండి. ఎంఐటీ వాళ్ళ రిపో క్లోన్ చేసుకుని లోపలికెళ్ళి "మేక్ క్యూఈఎంయూ" కొట్టండి (క్యూఈఎంయూ అంటే మన కంప్యూటర్ లోపలే ఇంకో మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్). కెర్నల్ బూట్ అవుతోందని ఒక లైన్, హార్ట్ 1, హార్ట్ 2 మొదలయ్యాయని రెండు లైన్లు, ఇనిట్ షెల్‌ని మొదలుపెట్టిందని ఇంకోటి, ఆ తర్వాత డాలర్ గుర్తు. హార్ట్ అంటే గుండె కాదు లెండి, రిస్క్‌-ఫైవ్ వాళ్ళ భాషలో ప్రాసెసర్ కోర్ లాంటిది. బయటికి రావడానికి కంట్రోల్ ఏ కొట్టి, వదిలేసి, తర్వాత ఎక్స్. ఇది తెలియక నేను మొదట్లో టెర్మినల్‌నే మూసేస్తుండేవాణ్ణి. ఈ డాలర్ గుర్తు కనబడే దాకా ఇంకేమీ ముట్టుకోకండి.

అసలు సిస్టమ్ కాల్ ఎందుకు, మామూలు ఫంక్షన్ లాగా కెర్నల్‌ని పిలిస్తే పోదా అని మావాడు అడిగాడు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా తాత ఊళ్ళో కాలువ ఉంది, కాలువకి తూము ఉంది, తూము తాళం లస్కరు దగ్గర ఉంటుంది. మడి ఎండిపోతున్నా సరే రైతు పోయి తూము ఎత్తడానికి లేదు, లస్కరుని అడగాలి, ఎవరి వంతు ఎప్పుడో ఆయన చూసుకుని ఎత్తుతాడు. ప్రతివాడూ తన చేత్తో ఎత్తుకుంటే పైనున్న మళ్ళు మునుగుతాయి, చివరి మళ్ళు ఎండుతాయి. యూజర్ ప్రోగ్రామ్ అంటే ఆ రైతు. డిస్కు, మెమరీ, పక్క ప్రాసెస్‌ల వివరాలు తూము అవతలవి. ప్రాసెసర్ యూజర్ మోడ్‌లో ఉన్నంతసేపు అటు చెయ్యి పెట్టనివ్వదు. "ఈకాల్" అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో లస్కరుని కేకేయడమే దారి. ఏ పని కావాలో ముందే ఒక నంబరుగా ప్రాసెసర్ లోపలి చిన్న గడుల్లో ఏ7 అనే రిజిస్టర్‌లో పెట్టి కేకేస్తాం, జవాబు ఏ0లో వస్తుంది.

మనం పెట్టబోయే కాల్ పేరు "ఎందరు". ఈ, ఎన్, డీ, ఏ, ఆర్, యూ. ప్రస్తుతం కెర్నల్‌లో ఎన్ని ప్రాసెస్‌లు బతికి ఉన్నాయో చెబుతుంది (ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్). ఇంగ్లీషు పేర్లే పెట్టాలని రూలేం లేదు, పైగా తెలుగు పేరు పెడితే కోడ్‌లో మనది ఏదో, ముందునుంచీ ఉన్నది ఏదో వెతకడం సులువు.

మొదటి పని, యూజర్ ఫోల్డర్‌లో "చూడు డాట్ సీ" అని కొత్త ఫైలు. పైన మూడు ఇన్‌క్లూడ్‌లు: కెర్నల్ స్లాష్ టైప్స్ డాట్ హెచ్, కెర్నల్ స్లాష్ స్టాట్ డాట్ హెచ్, యూజర్ స్లాష్ యూజర్ డాట్ హెచ్. టైప్స్ ముందుండాలి, వరస మార్చితే గోల. మెయిన్‌లో ఇంతే:

ప్రింట్ఎఫ్("%డి\ఎన్", ఎందరు());
ఎగ్జిట్(0);

తర్వాత మేక్‌ఫైల్ తెరిచి యూప్రోగ్స్ అని ఉన్న చోట, మిగతా ప్రోగ్రామ్‌ల వరసలోనే మనదీ చేర్చండి: డాలర్, పెద్ద యూ, స్లాష్, అండర్‌స్కోర్, చూడు, చివర బ్యాక్‌స్లాష్. ఆ బ్యాక్‌స్లాష్ తర్వాత ఒక్క స్పేస్ కూడా ఉండకూడదు, కంటికి కనబడని తప్పు కదా, అరగంట తినేస్తుంది. ఈ లైన్ మర్చిపోతే కంపైల్‌లో ఏ ఎర్రరూ రాదు, ఎక్స్‌వీ6 లోపల "చూడు" అని కొట్టాక "ఎగ్జెక్ చూడు ఫెయిల్డ్" అంటుంది. అంటే ప్రోగ్రామ్ డిస్కు ఇమేజ్‌లోకి ఎక్కనే లేదని.

ఇప్పుడు మేక్ కొట్టండి (ఇక నేను మేక్ అన్న ప్రతిచోటా "మేక్ క్యూఈఎంయూ" అనే అర్థం). "ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్ ఎందరు" అని ఆగుతుంది. కంపైలర్‌కి ఆ పేరే తెలీదు. యూజర్ డాట్ హెచ్ తెరిస్తే ఫోర్క్, ఎగ్జిట్, వెయిట్ అని వరసగా ఉంటాయి, ఆ గుంపు చివర్లో "ఇంట్ ఎందరు(వాయిడ్);" రాయండి.

మళ్ళీ మేక్. ఈసారి కంపైలర్ ఊరుకుంది, లింకర్ (కంపైలైన ముక్కల్ని కలిపేది) లేచింది: "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎందరు". ఈ రెండు ఎర్రర్లకీ తేడా చాలామందికి తెలీదు, రెంటికీ కలిపి "కోడ్ రన్ అవట్లేదు" అంటారు. మొదటిది, పేరు చెప్పలేదని. రెండోది, పేరు చెప్పావు గానీ మనిషేడీ అని. ఆ మనిషిని పుట్టించేది యూసిస్ డాట్ పీఎల్, చిన్న పెర్ల్ స్క్రిప్టు. చివర్లో ఇట్టా ఒక లైన్ కలపండి:

ఎంట్రీ("ఎందరు");

ఇది ఏం చేస్తుందో చూడకుండా ముందుకెళ్ళకండి. మేక్ అయ్యాక యూజర్ ఫోల్డర్‌లో యూసిస్ డాట్ ఎస్ అనే ఫైలు పుడుతుంది. తెరిచి కిందికి దిగండి. ఎందరు అనే లేబుల్ కింద మూడే మూడు ఇన్‌స్ట్రక్షన్లు: సిస్ అండర్‌స్కోర్ ఎందరు అనే నంబరుని ఏ7లోకి ఎక్కించు, ఈకాల్, రిటర్న్. యూజర్ వైపు నుంచి సిస్టమ్ కాల్ అంటే ఇంతే. ఫోర్క్ అయినా, రీడ్ అయినా ఇదే అచ్చు, నంబరే తేడా.

మేక్ కొడితే ఇప్పుడు అసెంబ్లర్ వంతు: "ఇల్లీగల్ ఆపరాండ్స్" అని ఆ మొదటి ఇన్‌స్ట్రక్షన్‌నే చూపిస్తుంది. ఏ7లోకి ఎక్కించమన్న నంబరు ఎంతో మనం యాడా చెప్పలేదు మరి. కెర్నల్ ఫోల్డర్‌లో సిస్‌కాల్ డాట్ హెచ్ తెరవండి. ఫోర్క్ 1, ఎగ్జిట్ 2 అని మొదలై క్లోజ్ 21తో ఆగుతుంది. మనది 22:

#డిఫైన్ సిస్_ఎందరు 22

ఇక్కడ నా బాగోతం ఒకటి చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో పాత ఎక్స్86 కాపీ మీద ఇదే పని చేస్తూ, పై లైన్ కాపీ చేసి పేరు మార్చి నంబరు మార్చడం మర్చిపోయా. క్లోజ్‌కీ 21, నా కాల్‌కీ 21. కంపైలర్ కిక్కురుమనలేదు. నా ప్రోగ్రామ్ నడిచింది, జవాబు సరిగ్గానే వచ్చింది, చంకలు గుద్దుకున్నా. తర్వాత ఊరికే "ఎల్ఎస్ పైపు డబ్ల్యూసీ" కొడితే షెల్ కొయ్యబారిపోయింది. మళ్ళీ కొట్టా, మళ్ళీ అంతే. పైపు కోడ్‌లో తప్పుందేమోనని రెండు సాయంత్రాలు దాన్నే చదివా. అసలు కథేంటంటే, ఏ నంబరుకి ఏ ఫంక్షనో కెర్నల్ ఒక టేబుల్‌లో రాసుకుంటుంది, అందులో ఒకే గడిలో రెండు పేర్లు పెడితే తర్వాత రాసింది నిలబడుతుంది, కాబట్టి ఎవరు క్లోజ్ పిలిచినా నా కాలే నడుస్తోంది. షెల్ డబ్ల్యూసీకి కీబోర్డు వైపు కొస మూసి, ఆ చోట పైపు తగిలించాలి, ఆ మూయడమే జరగట్లేదు. మూస్తే గదా డబ్ల్యూసీకి పైపు తగిలేది, అది పాపం కీబోర్డు నుంచి ఏదో వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంది. నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

సరే, 22 పెట్టాక మేక్ కొడితే ఆశ్చర్యంగా అంతా కంపైల్ అయి డాలర్ గుర్తు వచ్చేస్తుంది. "చూడు" అని కొట్టండి. వచ్చేది ఇది:

3 చూడు: అన్‌నోన్ సిస్ కాల్ 22
-1

మొత్తం పనిలో నాకు బాగా నచ్చే చోటు ఇదే, మావాణ్ణి కూడా ఇక్కడ ఐదు నిమిషాలు ఆపా. ఇది ఎర్రర్ అనుకోకండి, సగం దారి పూర్తయిందని రసీదు. 3 అంటే ప్రాసెస్ నంబరు: ఇనిట్ 1, షెల్ 2, మనం 3. మన ప్రోగ్రామ్ ఈకాల్ కొట్టింది, ప్రాసెసర్ సూపర్‌వైజర్ మోడ్‌లోకి దూకింది, ట్రాంపొలీన్ అనే పేజీలో ఉన్న కోడ్ యూజర్ రిజిస్టర్లన్నీ ట్రాప్‌ఫ్రేమ్‌లో దాచింది, పేజ్ టేబుల్ (ఏ చిరునామా అసలు మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టిక) మార్చి యూజర్‌ట్రాప్ అనే ఫంక్షన్‌లోకి తీసుకెళ్ళింది. అది ఎస్‌కాజ్ రిజిస్టర్ చూసి, అందులో 8 ఉంది కాబట్టి ఇది సిస్టమ్ కాలే అని తేల్చుకుంది. తిరిగి వెళ్ళాల్సిన చిరునామాకి 4 కలిపింది (ఈకాల్ ఇన్‌స్ట్రక్షన్ పొడవు 4 బైట్లు, కలపకపోతే తిరిగొచ్చి మళ్ళీ ఈకాల్ మీదే పడి అక్కడక్కడే తిరుగుతుంది). తర్వాత సిస్‌కాల్ అనే ఫంక్షన్‌ని పిలిచింది. ఆ ఫంక్షన్ ఏ7లో 22 చూసి, తన టేబుల్‌లో 22వ గడి లేకపోయేసరికి ఆ లైన్ ప్రింట్ చేసి, ఏ0లో మైనస్ ఒకటి పెట్టి పంపించేసింది. ఇంత ప్రయాణం జరిగాకే ఆ ఒక్క లైన్ పడింది. కేక లస్కరుకి వినబడింది, ఆయన చేతి పుస్తకంలో మన మడి పేరు లేదు, అంతే.

పుస్తకంలో పేరు ఎక్కిద్దాం. కెర్నల్ ఫోల్డర్‌లో సిస్‌కాల్ డాట్ సీ. అందులో సిస్‌కాల్స్ అనే టేబుల్, ఫంక్షన్ పాయింటర్ల వరస. క్లోజ్ లైన్ కింద:

[సిస్_ఎందరు] సిస్_ఎందరు,

బ్రాకెట్లలో ఉన్నది పెద్ద అక్షరాల సిస్, అంటే నంబరు. బయట ఉన్నది చిన్న అక్షరాల సిస్, అంటే ఫంక్షన్. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనబడుతున్నాయి, టైప్ చేసేటప్పుడు చూసుకోండి. ఇది పెట్టి మేక్ కొడితే చిన్న అక్షరాల పేరు "అన్‌డిక్లేర్డ్ హియర్" అంటుంది. దానికి కాస్త పైన ఎక్స్‌టర్న్ అని వరసగా ఉన్న లైన్లలో మనదీ ఒకటి: "ఎక్స్‌టర్న్ యూఇంట్64 సిస్_ఎందరు(వాయిడ్);". మళ్ళీ మేక్, మళ్ళీ లింకర్, "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్". ఇప్పటికి మీకే అర్థమైపోయి ఉంటుంది. పేరు చెప్పాం, మనిషి లేడు.

మనిషిని సిస్‌ప్రాక్ డాట్ సీ చివర్లో పెడదాం. గెట్‌పిడ్, కిల్ లాంటివన్నీ అక్కడే ఉంటాయి:

యూఇంట్64
సిస్_ఎందరు(వాయిడ్)
{
  రిటర్న్ లెక్క();
}

లెక్కపెట్టే పని ఇక్కడే చేయొచ్చు కదా అంటే, ప్రాసెస్‌ల టేబుల్ ప్రాక్ డాట్ సీలో ఉంది, దాని వ్యవహారం దాన్నే చూసుకోనివ్వడం ఈ కెర్నల్ పద్ధతి. సిస్ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫంక్షన్లు గుమాస్తాల్లాంటివి, కాగితం తీసుకుని లోపలికి ఇస్తాయి, జవాబు బయటికి ఇస్తాయి. లెక్క అనే పేరుని డెఫ్స్ డాట్ హెచ్‌లో ప్రాక్ డాట్ సీ అని కామెంట్ ఉన్న గుంపులో "ఇంట్ లెక్క(వాయిడ్);" అని చెప్పండి, లేకపోతే మళ్ళీ ఆ ఇంప్లిసిట్ డిక్లరేషనే.

ఇక మిగిలింది ప్రాక్ డాట్ సీ చివర్లో లెక్క. ఎక్స్‌వీ6లో ఎన్‌ప్రాక్ అంటే 64, ఒకేసారి 64 ప్రాసెస్‌లకే చోటు. 64 గడులు తిరుగుతాం, అన్‌యూజ్డ్ కానివి లెక్కపెడతాం:

ఇంట్
లెక్క(వాయిడ్)
{
  స్ట్రక్ట్ ప్రాక్ *పి;
  ఇంట్ ఎన్ = 0;
  ఫర్(పి = ప్రాక్; పి < &ప్రాక్[ఎన్‌ప్రాక్]; పి++){
    అక్వైర్(&పి->లాక్);
    ఇఫ్(పి->స్టేట్ != అన్‌యూజ్డ్)
      ఎన్++;
    రిలీజ్(&పి->లాక్);
  }
  రిటర్న్ ఎన్;
}

పాత ఎక్స్86 కాపీలో ప్రతి ప్రాసెస్‌కీ ఈ తాళం (పై కోడ్‌లో లాక్) ఉండదు, పీటేబుల్ అని టేబుల్ మొత్తానికి ఒకటే తాళం, దాన్ని లూప్‌కి ముందు వేసి లూప్ తర్వాత తీస్తారు.

అక్వైర్, రిలీజ్ జత గురించి కొంచెం గట్టిగానే చెబుతా. మూడు హార్ట్‌లు ఒకేసారి నడుస్తున్నాయి, మనం ఒక ప్రాసెస్ స్టేట్ చదివే క్షణంలోనే ఇంకో హార్ట్ దాన్ని మారుస్తుండొచ్చు, అందుకే తాళం. తాళం వేయకపోయినా పదిసార్లలో పదిసార్లూ సరైన జవాబే రావచ్చు, "పనిచేస్తోంది కదా" అని వదిలేయకండి. రిలీజ్ మర్చిపోతే మాత్రం వెంటనే పట్టుబడతారు: "పానిక్: అక్వైర్" అని పడుతుంది, లేదా ఏమీ పడకుండా మొత్తం బిగుసుకుపోతుంది. ఎక్కువమంది పొరపాటు నేరుగా మర్చిపోవడం కాదు, లూప్ మధ్యలో ఇఫ్ పెట్టి అక్కడినుంచే రిటర్న్ అయిపోవడం. తాళం వేసిన గదిలోంచి కిటికీ దూకి పోయినట్టు. లాక్ తీసుకున్న ఫంక్షన్‌లో రిటర్న్ అనే మాట కనబడిన ప్రతిచోటా వేలు పెట్టి అడగండి, ఇక్కడికి వచ్చేసరికి తాళం తీశామా అని.

మేక్ క్యూఈఎంయూ. చూడు.

3

ఇనిట్, షెల్, చూడు. మావాడు ఫోన్లో అరిచిన అరుపుకి పక్క రూమువాళ్ళు లేచి ఉంటారు. నమ్మకం కుదరకపోతే కంట్రోల్ పి కొట్టండి, కెర్నలే తన దగ్గరున్న ప్రాసెస్‌ల జాబితా ప్రింట్ చేస్తుంది. అప్పటికి చూడు అయిపోయి ఉంటుంది కాబట్టి ఇనిట్, షెల్ రెండే కనబడతాయి, కంగారు పడకండి.

ఇక్కడితో ల్యాబ్ అయిపోయినట్టే. కానీ 3 అనేది కోడ్‌లో నేరుగా రిటర్న్ 3 అని రాసినా వస్తుంది. నేనే ఎగ్జామినర్‌నైతే ఆ అనుమానమే పడతా. కాబట్టి చూడు ప్రోగ్రామ్‌ని కొంచెం పెంచండి: ముందు ఎందరు ప్రింట్ చేయండి, తర్వాత ఫోర్క్. పిల్ల ప్రాసెస్ వెంటనే ఎగ్జిట్ అయిపోవాలి. తల్లి స్లీప్(10) అని ఒక సెకను ఆగి (ఒక టిక్ అంటే సెకనులో పదోవంతు సుమారు), మళ్ళీ ప్రింట్ చేసి, వెయిట్(0) పిలిచి, మూడోసారి ప్రింట్ చేయాలి. మీ కాపీలో స్లీప్ అనే పేరు లేకపోతే యూజర్ డాట్ హెచ్‌లో పాజ్ అని ఉంటుంది, అదే ఇది. జవాబు 3, 4, 3.

ఆ నడిమి 4 చూసి మావాడు తప్పు దొరికిందన్నాడు. "పిల్ల ఎప్పుడో ఎగ్జిట్ అయిపోయింది కదా మామా, మూడే రావాలి." రాదు. ఎగ్జిట్ అయిన ప్రాసెస్ తల్లి వచ్చి వెయిట్ అని అడిగేదాకా జాంబీ స్టేట్‌లో గడి ఆక్రమించుకునే ఉంటుంది, ఎట్టా చచ్చిందో తల్లికి చెప్పుకోవాలి కదా. వెయిట్ తర్వాతే ఆ గడి అన్‌యూజ్డ్ అవుతుంది. మీకు జాంబీలు లెక్కలోకి రాకూడదంటే ఇఫ్‌లో ఇంకో షరతు కలపండి. ఏది సరైనదంటే మీరు "బతికి ఉండటం" అంటే ఏమని రాసుకున్నారో అది. రికార్డులో ఆ ఒక్క వాక్యం రాయండి చాలు.

ఓపికుంటే ఇంకో మెట్టు, ఆర్గ్యుమెంట్. మొత్తం ఎందరో రిటర్న్ చేస్తూనే, వాళ్ళలో నిద్రలో ఉన్నవాళ్ళెందరో కూడా మనమిచ్చిన చిరునామాలో రాసిపెట్టాలి. వాడుక "ఎందరు(&నిద్ర)". యూజర్ డాట్ హెచ్‌లో వాయిడ్ బదులు ఇంట్ స్టార్. లెక్క ఫంక్షన్ కూడా ఒక ఇంట్ పాయింటర్ తీసుకునేలా మార్చి (డెఫ్స్ డాట్ హెచ్‌లోనూ మార్చండి), మొదట్లో దాన్ని సున్నా చేసి, స్టేట్ స్లీపింగ్ అయినప్పుడల్లా పెంచండి.

కష్టమంతా గుమాస్తా దగ్గర. సిస్ ఎందరు బ్రాకెట్లలో వాయిడ్ అని ఉంది కదా, మరి ఆర్గ్యుమెంట్ యాడ నుంచి వస్తుంది? యూజర్ పెట్టిన ఏ0 ట్రాప్‌ఫ్రేమ్‌లో దాచి ఉంది, దాన్ని ఆర్గ్‌అడ్రస్ అనే ఫంక్షన్ తీసిస్తుంది, పేరు పలకడానికి అట్టా అన్నా గానీ కోడ్‌లో "ఆర్గ్‌ఆడర్" అని పొట్టిగా (ఏ, ఆర్, జీ, ఏ, డీ, డీ, ఆర్) ఉంటుంది. యూఇంట్64 రకం చరరాశి ఒకటి పెట్టుకుని, సున్నా నంబరు ఆర్గ్యుమెంట్ అందులోకి తెచ్చుకోండి. పాత కాపీల్లో ఇది ఒక ఇంట్ తిరిగిస్తుంది, అది సున్నాకన్నా తక్కువా అని చూసుకుంటారు, కొత్తవాటిలో ఏమీ తిరిగివ్వదు, కాబట్టి అదే ఫైల్లో సిస్ వెయిట్ దీన్ని ఎట్టా వాడిందో చూసి అట్టాగే వాడండి.

చిరునామా చేతికొచ్చింది కదా అని అందులో స్టార్ పెట్టి నేరుగా రాసేయకండి. సరే, ఒక్కసారి రాసి చూడండి, మంచిదే: "పానిక్: కెర్నల్‌ట్రాప్" అని పడుతుంది, పైన ఎస్‌కాజ్ విలువ హెక్సాలో ఎఫ్, అంటే 15, స్టోర్ పేజ్ ఫాల్ట్. ఎందుకంటే కెర్నల్‌లోకి వచ్చేటప్పుడు పేజ్ టేబుల్ మారిపోయింది. యూజర్ చిరునామాలు సున్నా నుంచి మొదలవుతాయి, కెర్నల్ టేబుల్‌లో ర్యామ్ హెక్సా 80000000 దగ్గర మొదలవుతుంది. యూజర్ చెప్పిన చిరునామా కెర్నల్ ఊళ్ళో లేనే లేదు. నెల్లూరు మూలాపేటలో ఉన్న ఇంటి నంబరు పట్టుకుని ఒంగోలులో వెతికినట్టు. అందుకే కాపీఅవుట్ ఉంది. దానికి నాలుగు ఇవ్వాలి: మైప్రాక్ తాలూకు పేజ్‌టేబుల్, యూజర్ చిరునామా, మన దగ్గరున్న నిద్ర చిరునామా క్యార్ స్టార్‌గా మార్చి, దాని సైజు. అది ఆ ప్రాసెస్ పేజ్ టేబుల్ వెతికి అసలు మెమరీ ఎక్కడుందో పట్టుకుని రాస్తుంది, దొరక్కపోతే సున్నాకన్నా తక్కువ ఇస్తుంది. తక్కువ వస్తే మనమూ రిటర్న్ మైనస్ ఒకటి. తాళాలన్నీ తీసేసి లెక్క పూర్తయ్యాకే కాపీఅవుట్ పిలవండి, లూప్ లోపల వద్దు.

నడిపితే మొత్తం 3, నిద్రలో 2 రావాలి. నిద్రపోతున్నవి ఇనిట్, షెల్, రెండూ తమ పిల్లల కోసం వెయిట్‌లో ఉన్నాయి. ఆ తర్వాత కావాలనే చెత్త చిరునామా ఇచ్చి పిలవండి, మైనస్ ఒకటిని ఇంట్ స్టార్‌గా మార్చి. కెర్నల్ కూలకుండా మైనస్ ఒకటి తిరిగొస్తే కాపీఅవుట్ జవాబు మీరు సరిగ్గా చూసుకున్నట్టు.

ఎక్కడైనా పాత ముక్కలే నడుస్తున్నాయని అనుమానం వస్తే మేక్ క్లీన్ చేసి మళ్ళీ కట్టండి. చివరికి షెల్‌లో "యూజర్‌టెస్ట్స్" అని కొట్టండి, ఎక్స్‌వీ6తోపాటు వచ్చే పరీక్షల మూట అది. కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో ఏవేవో యూజర్‌ట్రాప్ లైన్లు కూడా వస్తాయి, అవి ఆ పరీక్షలు కావాలని చేయించే తప్పులే. చివర్లో "ఆల్ టెస్ట్స్ పాస్డ్" అని పడాలి. నా 21 నంబరు బాగోతం లాంటిది మీరూ చేసి ఉంటే ఇక్కడ బయటపడుతుంది. "పాస్డ్" అని పడ్డాక గిట్ డిఫ్ కొట్టి పాత ఫైళ్ళు ఎనిమిదీ ఒకసారి చూసుకోండి, గిట్ యాడ్‌తో చూడు డాట్ సీ కూడా చేర్చి కమిట్ చేయండి. మావాడు అది చేర్చకుండా పంపాడు, పొద్దున్నే ల్యాబ్ గుమ్మం దగ్గర నుంచి మళ్ళీ ఫోన్.